కార్చిచ్చు పటంలో గీతకి అటూ ఇటూ

కాలిఫోర్నియాలో ఇల్లు కొనేటప్పుడు మనచేత సంతకాలు పెట్టించే కాయితాల కట్ట జానెడు మందం ఉంటుంది. మొదటి పది కాయితాలు శ్రద్ధగా చదువుతాం, తరవాతి పది పైపైన చూస్తాం, ఆపైన చెయ్యి నొప్పెట్టేదాకా గీకుతూ పోతాం. ఆ కట్టలో ప్రకృతి విపత్తుల పత్రం అని ఒకటుంటుంది. ఇల్లు అమ్మేవాడు కొనేవాడికి ఇచ్చి తీరాలని 1998లో వచ్చిన నిబంధన. అందులో ఆరు గడులు. వరద ముంపు, ఆనకట్ట తెగితే వచ్చే ముంపు, భూమిలో పగులు, భూకంపానికి నేల జారడం లాంటివి నాలుగు. మిగతా రెండూ నిప్పుకి సంబంధించినవి. ఆ ఇల్లు "తీవ్ర లేదా అతి తీవ్ర అగ్ని ప్రమాద మండలం"లో ఉందా? రాష్ట్ర ప్రభుత్వం మంటలార్పే బాధ్యత తీసుకున్న అడవి ప్రాంతంలో ఉందా? అవును, కాదు. అంతే.

మనవాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్తే అడిగే ప్రశ్నలు మీకు తెలియనివి కావు. బడికి పదికి ఎన్ని మార్కులు, వాకిలి తూర్పా ఉత్తరమా, ఆఫీసుకి ఎంతసేపు, ఇండియన్ కొట్టు ఎంత దూరం. వాస్తు కోసం రెండు లక్షల డాలర్లు ఎక్కువ పెట్టినవాళ్ళని నేనెరుగుదును. ఈ ఆరు గడులు చదివినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆమధ్య కొండవాలులో ఇల్లు చూసిన ఒక స్నేహితుడు ఆ పత్రం పట్టుకొచ్చి, "అన్నా, ఈ గీతకి అవతల ఇల్లు పసుపు, ఇవతల ఇల్లు ఎరుపు. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. ఈ గీత ఎవరు గీశారు, ఏ లెక్కన గీశారు?" అన్నాడు. మంచి ప్రశ్న. మా వృత్తిలో స్పెసిఫికేషన్లో ఎక్కడైనా వింత షరతు కనబడితే, దాని వెనక ఎప్పుడో ఒక సర్వరు కూలి ఉంటుందని అర్థం. ఈ గడుల వెనక కథా అలాంటిదే. కాకపోతే ఇక్కడ కూలినవి ఊళ్ళు.

నిప్పుకి పటాలు గీయడం అడవుల్లో మొదలవలేదు, పట్నాల్లో మొదలైంది. 1867లో డి.ఎ. శాన్‌బోర్న్ అనే సర్వేయరు న్యూయార్కులో ఒక కంపెనీ పెట్టి, భీమా కంపెనీల కోసం ఊళ్ళ పటాలు గీయించడం మొదలుపెట్టాడు. అంగుళానికి 50 అడుగుల లెక్కన ప్రతి ఇల్లూ ఆ పటంలో కనిపిస్తుంది. ఇటుక ఇల్లయితే గులాబీ రంగు, చెక్క ఇల్లయితే పసుపు. కప్పు దేనితో వేశారు, ఎన్ని అంతస్తులు, వీధి వెడల్పెంత, నీటి గొట్టం ఎక్కడుంది - అన్నిటికీ గుర్తులున్నాయి. ఎక్కడో హార్ట్‌ఫర్డ్‌లో కూర్చున్న గుమాస్తా కాలిఫోర్నియాలోని ఇంటికి ప్రీమియం ఎంతో ఈ పటం చూసి తేల్చేవాడు. అన్నట్టు, ఊళ్ళో ఏదైనా కొత్త ఇల్లు లేస్తే పటమంతా మళ్ళీ అచ్చేసేవాళ్ళు కాదు. మారిన చోటికి సరిపోయే కాయితం ముక్క మాత్రం పంపితే, దాన్ని పాత పటం మీద జిగురుతో అంటించుకునేవాళ్ళు. ప్యాచ్ వెయ్యడమంటే అదీ!

ఆ పటాల్లో ఒక లక్షణం గమనించండి. మంట పక్కింటినుంచి వస్తుందని వాళ్ళ లెక్క. అందుకే గోడలు, కప్పులు, సందులు చూశారు. ఊరి చివరి వీధి దాటాక కాయితం తెల్లగా ఉంటుంది. కొండ ఉందా, గడ్డి ఉందా, ఏ వైపు గాలి వీస్తుంది - ఇవేవీ వాళ్ళ పనిలో భాగం కావు.

ఆ తెల్ల కాయితం లోంచే 1923 సెప్టెంబరు 17న బర్క్‌లీ మీదికి మంట వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున కొండలు, వాటి పడమటి వాలులో బర్క్‌లీ ఊరు, అందులో విశ్వవిద్యాలయం. కొండకి అవతల వైల్డ్‌క్యాట్ కాన్యన్‌లో అంటుకున్న నిప్పు, వేసవి చివర ఈశాన్యం నుంచి వీచే పొడిగాలిని పట్టుకుని కొండెక్కి, ఇవతలికి దిగింది. విశ్వవిద్యాలయానికి ఉత్తరాన ఉన్న ఇళ్ళలో దాదాపు 600 భవనాలు కొన్ని గంటల్లో బూడిదయ్యాయి. సముద్రం వైపునుంచి చల్లగాలి తిరిగి రావడం వల్ల మంట ఆగింది కానీ, మనుషులు ఆపితే ఆగలేదు. అక్కడి ఇళ్ళకి చెక్క గోడలు, చెక్క పెంకుల కప్పులు. పచ్చని చెట్ల మధ్య చెక్క ఇల్లు అంటే ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళకి మోజు.

చెక్క పెంకు కప్పు అంటే ఏమిటో అమెరికావాళ్ళకి వివరంగా చెప్పాలేమో గానీ కోస్తా జిల్లాలనుంచి వచ్చినవాళ్ళకి అక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, పడమటి గాలి, వరసగా తాటాకు ఇళ్ళు. ఒక పొయ్యిలోంచి లేచిన రవ్వ ఒక చూరుకి అంటుకుంటే చాలు, పేటంతా పోతుంది. అంటుకున్న ఇంటి పక్కిల్లు ఒక్కోసారి మిగులుతుంది, నాలుగిళ్ళ అవతలిది పోతుంది. ఎందుకంటే మంట నడిచి రాదు, రవ్వ ఎగిరి వస్తుంది. పక్కవీధిలో నిప్పు పడిందనగానే పెద్దవాళ్ళు బిందెలతో నీళ్ళు తీసుకుని తమ ఇంటి కప్పే ముందు తడుపుతారు. ఈ సంగతి శాస్త్రంగా రుజువు చెయ్యడానికి అమెరికాకి ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది. ఆ కథ తరవాత.

బర్క్‌లీ నగర సభ మంట చల్లారగానే చెక్క కప్పులు కూడదని శాసనం చేసింది. చెక్క పెంకుల వ్యాపారులు ఊరుకోలేదు. శాసనాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి: మంట, ఏడుపు, చట్టం, ఒత్తిడి, వెనకడుగు. ముందు ముందు ఇంకా చాలాసార్లు వస్తుంది.

1961 నవంబరులో లాస్ ఏంజెలస్‌లో సినిమావాళ్ళుండే బెల్ ఎయిర్ పేటలో 484 ఇళ్ళు పోయాయి. 1980 నవంబరులో శాన్ బెర్నార్డినో కొండలకింద పనోరమా మంటలో దాదాపు 300 ఇళ్ళు పోయాయి, నలుగురు చనిపోయారు. దీని తరవాతే రాష్ట్ర శాసనసభ అటవీ శాఖని పటం గీయమంది. నిప్పు తీవ్రతను బట్టి ప్రాంతాలను మధ్యస్థం, తీవ్రం, అతి తీవ్రం అని మూడు రకాలుగా విడదీయాలి. 1980ల మధ్యకల్లా పటాలు వచ్చాయి. మనం ఇప్పుడు చూసే రంగుల పటాలకి తాత అదే.

అయితే అందులో ఒక మెలిక ఉంది. కాలిఫోర్నియాలో నిప్పార్పే బాధ్యత మూడు ముక్కలు. జాతీయ అడవుల్లో కేంద్రప్రభుత్వానిది. ఊళ్ళకి బయట ప్రైవేటు అడవి, పొద, గడ్డి నేల దాదాపు 3 కోట్ల 10 లక్షల ఎకరాలు - అది రాష్ట్రానిది. నగరాల పొలిమేర లోపల నగరానిది. పటం గీయమన్నది రాష్ట్రం బాధ్యత ఉన్న నేలకే. అంటే పాత పటంలో ఊరి అంచు దగ్గర కాయితం తెల్లబడినట్టే, కొత్త పటంలో నగర పొలిమేర దగ్గర రంగు ఆగిపోయింది. ఎవరి మాడ్యూలు వాళ్ళు పరీక్షించుకుని, రెండూ కలిసే చోట ఎవరూ చూడకపోతే ఏమవుతుందో మా పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

1991 అక్టోబరు 19, శనివారం. ఓక్‌లాండ్ కొండల్లో చిన్న గడ్డి మంట లేస్తే అగ్నిమాపక దళం ఆర్పింది. ఆదివారం పొద్దున్న ఇంకా తడి గొట్టాలు అక్కడే ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. పొడిగాలి లేచింది. నేలలో మిగిలిన నిప్పు కణిక ఒకటి చెట్టుకెక్కింది. ఆ రోజు ముగిసేసరికి 25 మంది చనిపోయారు, 3,000కి పైగా ఇళ్ళూ అపార్ట్‌మెంట్లూ కాలిపోయాయి. కాలిన నేల 1,520 ఎకరాలే. అడవి లెక్కలో అది ఏ మూలకీ రాదు. నష్టం మాత్రం 150 కోట్ల డాలర్లు. కొండమీద వీధులు రెండు కార్లు ఎదురైతే ఇరుక్కునేంత సన్నం. పక్క ఊళ్ళనుంచి సాయానికొచ్చిన దళాల గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్‌లాండ్ నీటి కుళాయిల మూతి మూడు అంగుళాలది! ఇంకో సంగతి. అదే కొండల్లో 1970 సెప్టెంబరులో ఇలాంటి గాలికే 37 ఇళ్ళు పోయాయి. ఆ మంటకీ ఈ మంటకీ మధ్య 21 ఏళ్ళు. అంటే అక్కడ ఏం జరగొచ్చో తెలియక కాదు.

ఓక్‌లాండ్ నగరం కాబట్టి రాష్ట్రం పటంలో ఆ కొండకి రంగు లేదు. 1992లో ఆ ప్రాంతపు శాసనసభ్యుడు టామ్ బేట్స్ పెట్టిన బిల్లు చట్టమైంది. ఇక నగరాల లోపల కూడా అతి తీవ్ర మండలాలేవో రాష్ట్రమే గుర్తించి నగరాలకి చెప్పాలి. రంగు పడిన చోట చెక్క కప్పు పనికిరాదు, ఇంటిచుట్టూ పొదలు కొట్టాలి. చివర్లో ఒక వెసులుబాటు కూడా పెట్టారు. నగరం తగిన కారణాలు చూపిస్తే ఆ పటాన్ని ఒప్పుకోనక్కర్లేదు. చాలా నగరాలు ఆ కిటికీలోంచే బయటపడ్డాయి. ఇళ్ళ ధరలు పడిపోతాయనీ, భీమా దొరకదనీ జనం భయం. అందులో తప్పు పట్టడానికేముంది? తన జీవితకాలపు సంపాదనంతా ఒకే ఇంట్లో పెట్టినవాడికి, ఎప్పుడో వచ్చే మంటకన్నా రేపు పడే ధర పెద్దగా కనిపిస్తుంది. రంగు వెయ్యకపోతే కొండ చల్లబడదు కదా అంటే, నిజమే, కానీ ఓటు వేసేది కొండ కాదు.

ఇప్పటిదాకా ఒక రాష్ట్రం గొడవ. దేశం మొత్తానికి ఇది సమస్య అని వాషింగ్టన్‌కి తట్టింది 2000లో. ఆ మే నెలలో న్యూమెక్సికోలో జాతీయ ఉద్యానవనంవాళ్ళు పద్ధతి ప్రకారం పెట్టిన మంటే అదుపు తప్పి, అణుబాంబు పుట్టిన లాస్ అలమోస్ ఊళ్ళోకి వచ్చి 400కి పైగా కుటుంబాలకి గూడు లేకుండా చేసింది. ఆ వేసవంతా పడమటి రాష్ట్రాలు తగలబడుతూనే ఉన్నాయి. కాంగ్రెసు డబ్బులిచ్చి, ముందు ఏ ఏ ఊళ్ళకి ప్రమాదముందో జాబితా రాసి గెజిట్‌లో ప్రకటించమంది. రాష్ట్రాలు 22 వేలకు పైగా ఊళ్ళ పేర్లు పంపాయి. వాటిలో కేంద్రప్రభుత్వ భూములకి దగ్గరగా ఉన్నవి 11,376 అని 2001 ఆగస్టులో అచ్చువేశారు.

ఆ జాబితా చూస్తే ఎవరికైనా వచ్చే సందేహం: ఊరంటే ఏమిటి? ఒక రాష్ట్రం నాలుగిళ్ళ పల్లెని కూడా రాసింది, ఇంకోటి పట్నాన్ని ఒకే పేరుగా రాసింది. ఏది ముందు, ఏది వెనక అన్న వరస లేదు. పదకొండు వేల పేర్లలో ఈ ఏడు డబ్బు ఏ పదింటికి ఖర్చుపెట్టాలి? పేరు ఉంది కానీ హద్దు లేదు. ఎక్కడ పొద కొట్టాలో తెలియదు. డేటాబేసులో పేరు కాలమ్ నింపి మిగతావన్నీ ఖాళీ వదిలేసినట్టు. అయినా దాన్ని తీసిపారెయ్యలేం. మొదటిసారి దేశం "అడవి ఎక్కడ కాలుతుంది" అన్న ప్రశ్న పక్కన "మనుషులు ఎక్కడున్నారు" అన్న ప్రశ్న పెట్టింది.

2003 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియాలో సీడార్ మంట 2,73,000 ఎకరాలు కాల్చి 15 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ పొగ తగ్గకముందే డిసెంబరులో అడవుల పునరుద్ధరణ చట్టం మీద అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. అందులో నాకు నచ్చిన భాగం ఒకటుంది. ప్రమాదంలో ఉన్న ఊరు తన రక్షణ ప్రణాళిక తనే రాసుకోవచ్చు. దానిమీద ముగ్గురు సంతకాలు పెట్టాలి: స్థానిక ప్రభుత్వం, స్థానిక అగ్నిమాపక దళం, రాష్ట్ర అటవీ శాఖ. ఎక్కడ పొదలు కొట్టాలో వరసక్రమం ఉండాలి, ఇళ్ళు అంటుకోకుండా ఏం చెయ్యాలో ఉండాలి. కేంద్రం దగ్గరున్న అడవిలో ముందు ఎక్కడ పని చెయ్యాలన్న దానికి ఈ ప్రణాళికకి విలువ ఇవ్వాలి.

దీనికి మొదటి మెట్టు పటమే. ఊరి జనాన్ని గ్రంథాలయంలోనో బడిలోనో కూర్చోబెట్టి, బల్లమీద పెద్ద పటం పరిచి, రంగు పెన్సిళ్ళు చేతికిస్తారు. ఉపగ్రహానికి తెలియనివి అప్పుడు బయటపడతాయి. ఈ వంతెన మీద ఫైరింజను పోదు. ఈ గేటుకి ఎప్పుడూ తాళం. ఈ ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటుంది, కారు లేదు. ఈ చెరువులో ఎండాకాలం నీళ్ళుండవు. జీఐఎస్ పొరలు ఎన్ని పేర్చినా ఆ ముసలావిడ ఎవరో తెలియదు. నిపుణుడు గీసిన పటం, ఊరు గీసిన పటం ఒకదానిమీద ఒకటి పరిస్తే గానీ పని జరగదని ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళకి అర్థమైంది.

ఊరికి హద్దెక్కడ అన్న సందేహాన్ని 2005లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోల్కర్ రాడెలోఫ్ బృందం లెక్కల్లోకి దింపింది. జనాభా లెక్కల్లోని ఇళ్ళనీ, ఉపగ్రహం చూసిన పచ్చదనాన్నీ కలిపి దేశమంతా పటం గీశారు. 40 ఎకరాలకి కనీసం ఒక ఇల్లుండాలి. ఇళ్ళమధ్య సగానికి పైగా చెట్టూ చేమా ఉంటే "కలగలుపు", లేదా పెద్ద అడవికి 2.4 కిలోమీటర్లలోపు ఉంటే "అంచు". ఈ 2.4 ఎక్కణ్ణుంచి వచ్చింది? గాలిలో నిప్పురవ్వ ఎగిరే దూరానికి కట్టిన అంచనా అది. ఇదే బృందం 2018లో ఇంకో లెక్క చెప్పింది. 1990లో ఇలాంటి నేలమీద 3 కోట్ల 8 లక్షల ఇళ్ళుంటే, 2010కల్లా 4 కోట్ల 34 లక్షలయ్యాయి. అడవి మన ఊరిమీదికి రాలేదు, మనమే దాని ఒళ్ళోకి వెళ్ళి కూర్చున్నాం.

ఇందాక వాయిదా వేసిన రవ్వ సంగతి ఇక్కడ చెప్పాలి. అటవీ శాఖలో జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1990ల చివర కెనడా ఉత్తరాన నిజం అడవికే నిప్పుపెట్టి, దానికి ఎదురుగా వేరు వేరు దూరాల్లో చెక్క గోడలు నిలబెట్టి చూశారు. 30 మీటర్ల దూరంలో పెట్టిన గోడ, చెట్ల కొనలదాకా లేచిన మంట ఎదురుగా ఉన్నా అంటుకోలేదు. మరి ఇళ్ళెలా పోతున్నాయి? కాలిన పేటలు తిరిగి చూస్తే చాలాచోట్ల ఇల్లు బూడిద, పక్కన చెట్టు పచ్చగా ఉంది. చూరు కాలవలో ఎండుటాకులు, అటక గాలిరంధ్రాలు, గోడవారన పోసిన చెక్కపొట్టు - రవ్వలు వచ్చి వాటిమీద పడుతున్నాయి. ఆ ఇల్లు అంటుకున్నాక పక్కింటికి అదే అడవి. కాబట్టి తేల్చేది ఇల్లూ, దానిచుట్టూ 30 నుంచి 60 మీటర్ల నేలా. తాటాకిళ్ళ పేటలో బిందె పట్టుకుని కప్పెక్కిన తాతకి ఈ మాట చెప్తే నవ్వుతాడు. పటాల చరిత్రలో మాత్రం ఇది గుండ్రంగా తిరిగి మళ్ళీ శాన్‌బోర్న్ దగ్గరికి రావడమే: గోడ ఏమిటి, కప్పు ఏమిటి, సందెంత?

2007-2008లో కాలిఫోర్నియా కొత్త పటాలు గీసింది. ఈసారి ఎగిరే రవ్వల్నీ లెక్కలో కలిపారు. 2008 జనవరినుంచి ఎర్ర మండలాల్లో కట్టే కొత్త ఇళ్ళకి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి: కప్పు, గోడ, కిటికీ అద్దం, గాలిరంధ్రాల జల్లెడ, అన్నీ నిప్పుకి తట్టుకోవాలి. అయితే పటం చెప్పేది ఏమిటో సరిగ్గా పట్టుకోవాలి. ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ కాలంలో ఆ నేలమీద మంట వచ్చే అవకాశం ఎంత, వస్తే ఎంత తీవ్రంగా ఉంటుంది అన్నదే అందులో ఉంది. మీ కప్పు పెంకుదా రేకుదా, పొద కొట్టారా లేదా అన్నది లేదు. వాన ఎంత పడుతుందో చెప్పడం వేరు, మీ ఇల్లు కారుతుందో లేదో చెప్పడం వేరు. ఈ తేడా తెలియకపోవడంవల్ల వచ్చిన గొడవలు అన్నీ ఇన్నీ కావు.

2017 అక్టోబరు 8 రాత్రి కాలిస్టోగా దగ్గర లేచిన టబ్స్ మంట తెల్లవారేలోగా శాంటా రోజా నగరంలోకి వచ్చింది. 22 మంది చనిపోయారు, 5,600కి పైగా కట్టడాలు పోయాయి. 1964 సెప్టెంబరులో హాన్లీ మంట దాదాపు ఇదే దారిలో వచ్చింది. అప్పుడు నగరం అంచున ఆగింది. ఎందుకంటే అప్పుడక్కడ కాలడానికి ఇళ్ళు తక్కువ. తరవాతి యాభై ఏళ్ళలో ఆ దారిలోనే ఫౌంటెన్‌గ్రోవ్ లాంటి పేటలు కట్టారు. సరే, అది ఎర్ర మండలమే. కానీ మంట అక్కడ ఆగలేదు. ఆరు వరసల 101 హైవే దాటి కాఫీ పార్క్ అనే మధ్యతరగతి పేటమీద పడి వెయ్యికి పైగా ఇళ్ళు తుడిచిపెట్టింది. చదును నేల, దగ్గర దగ్గర ఇళ్ళు, ఫ్రీవేకి ఇవతల. పటంలో దానికి రంగు లేదు. కాబట్టి నిబంధనలూ లేవు. మనలాంటివాళ్ళు ఉండే పేటలు ఎలా ఉంటాయో సరిగ్గా అలాంటిది.

మరుసటి ఏడు, 2018 నవంబరు 8న ప్యారడైజ్. అక్కడ పటం తప్పు చెప్పలేదు. ఊరు మొత్తం అతి తీవ్ర మండలమే. 2008లో ఒక మంటకి జనం పారిపోతుంటే రోడ్లు మూసుకుపోయిన అనుభవం ఉంది. ఊరిని మండలాలుగా విడదీసి, ఏ మండలం ఎప్పుడు ఖాళీ చెయ్యాలో రాసుకున్నారు, అభ్యాసాలు కూడా చేశారు. అయినా 85 మంది చనిపోయారు. 18,800కి పైగా కట్టడాలు పోయాయి. ఒకటి తరవాత ఒకటి ఖాళీ చేయిద్దామనుకున్న మండలాలన్నీ ఒకేసారి రోడ్డెక్కాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు. ఇళ్ళలో ఎక్కువభాగం 2008 నిబంధనలకి ముందు కట్టినవి, వాటికి ఆ నిబంధనలు వర్తించవు. శాంటా రోజాలో పటం చూపించలేదు, ప్యారడైజ్‌లో చూపించినా చాల్లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటే చూసినవాడు పటాలు దండగంటాడు, రెండోదే చూసినవాడు విధి అంటాడు.

దీని తరవాత భీమా కంపెనీలు వెనక్కి తగ్గడం మొదలైంది. మాకూ ఒక ఉత్తరం వచ్చింది - మీ పాలసీ కొనసాగించం, మీ ఇంటి నిప్పు స్కోరు మా పరిమితి దాటింది అని. ఆ స్కోరు ఎంత, ఎలా వచ్చింది అంటే ఫోనులో ఉన్న అమ్మాయికి తెలియదు. రాష్ట్రం పటం చూస్తే మా వీధికి రంగే లేదు. అప్పుడు తెలిసింది, కంపెనీలకి రాష్ట్రం పటంతో సంబంధం లేదనీ, వాళ్ళ మోడళ్ళు వాళ్ళకున్నాయనీ. రాష్ట్రం పటం అందరికీ కనబడుతుంది, దానిమీద జనం అరవొచ్చు. కంపెనీ పటం ఎవరికీ కనబడదు, దానిమీద అరవడానికీ లేదు. 2022లో కాలిఫోర్నియా భీమా శాఖ దీనికొక దారి చూపింది. స్కోరు ఎంతో చెప్పాలి, దానిమీద అప్పీలు చేసుకునే వీలుండాలి, ఇంటి యజమాని గాలిరంధ్రాలకి జల్లెడ బిగించడం లాంటి పనులు చేస్తే ప్రీమియం తగ్గించాలి. తగ్గేది కాస్తే అయినా, నిప్పు పటంలో మనిషి చేసిన పనికి చోటు దొరకడం చిన్న విషయం కాదు.

ఆరెగాన్‌లో కథ ఇంకోలా నడిచింది. 2020 మంటల తరవాత 2021లో చట్టం చేసి, 2022 జూన్ చివర్లో రాష్ట్రమంతటికీ ప్రమాద పటం విడుదల చేశారు. ఇళ్ళకి నోటీసులు వెళ్ళాయి. ఐదు వారాలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు, అంత రగడ జరిగింది. పేరు మార్చి, లెక్కలు సరిచేసి, 2025 జనవరిలో మళ్ళీ తెచ్చారు. 1,06,000 స్థలాలకి తీవ్ర ముద్ర పడింది. మళ్ళీ అదే కోపం. 2025 జులైలో ఆ పటాన్నీ, దానికి ముడిపెట్టిన నిబంధనల్నీ రద్దు చేశారు. మా ఇళ్ళ ధర పోతుందన్న పాత గొంతే ఇక్కడ కూడా వినిపిస్తుంది. ఆ గొంతుని మొండితనం అని కొట్టిపారేస్తే లాభం లేదు. ఎర్ర రంగుతోపాటు కప్పు మార్చుకోవడానికి సాయం ఎంత, గడువెంత, చేస్తే రంగు ఫలితం మారుతుందా అన్నది చెప్పకుండా నోటీసు ఒక్కటే పంపితే ఎవరైనా అలాగే అంటారు.

2025 జనవరి 7న లాస్ ఏంజెలస్‌లో ఒకే రోజు రెండు మంటలు. పాలిసేడ్స్‌లో 6,800కి పైగా, ఆల్టడీనా వైపు ఈటన్ మంటలో 9,400కి పైగా కట్టడాలు పోయాయి. రెంటిలో కలిపి 31 మంది చనిపోయారు. ఆల్టడీనాలో చనిపోయినవాళ్ళు దాదాపు అందరూ ఊరి పడమటి సగంలో ఉన్నవాళ్ళు. ఆ సగంలో చాలాభాగం అప్పటి పటంలో అతి తీవ్ర మండలానికి బయట ఉంది, ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞా అక్కడికి గంటల ఆలస్యంగా వెళ్ళింది. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలిఫోర్నియా తన నగరాలకి కొత్త పటాలు విడుదల చేసింది. మధ్యస్థ, తీవ్ర మండలాలు మొదటిసారి నగరాల లోపలికి కూడా వచ్చాయి. ఇప్పుడు చట్టం ప్రకారం నగరం రంగు పెంచొచ్చు, తగ్గించడానికి వీల్లేదు. 1992లో తెరిచిన కిటికీ ఆ మేరకి మూశారు.

ఇప్పుడు నా స్నేహితుడి ప్రశ్నకి జవాబు. ఆ గీత గీసింది కొంత గాలి, కొంత గడ్డి, కొంత గణితం, మిగతాది ఎవరి డబ్బుతో ఎవరు ఆర్పాలన్న పాత పంపకం. గీతకి ఇవతల ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి అది లక్ష్మణరేఖ కాదు. రవ్వకి గీత కనబడదు. అటుపక్క ఉన్నవాళ్ళు హడలిపోనూ అక్కర్లేదు, చెయ్యగలిగిన పని చాలా ఉంది. ఇల్లు చూసేటప్పుడు బడి మార్కులతోపాటు నాలుగు సంగతులు చూడండి. కప్పు దేనిది? గోడనుంచి ఐదడుగుల్లోపు అంటుకునేదేమైనా ఉందా? పక్కింటికి దూరమెంత? ఊరు విడిచి పోవడానికి దారులెన్ని? రాష్ట్రం పటం ఒక్కటే కాకుండా, అటవీ శాఖ 2020లో దేశంలోని ఊళ్ళన్నిటికీ తయారుచేసిన ప్రమాద పటం కూడా అందరికీ ఉచితంగానే దొరుకుతుంది. మీ కౌంటీకి రక్షణ ప్రణాళిక ఉందేమో వెతకండి. ఉంటే, ఈసారి దాన్ని సవరించేటప్పుడు పెట్టే సమావేశానికి వెళ్ళండి. కుర్చీలు చాలా ఖాళీగా ఉంటాయి. వెళ్ళి, మీ వీధి చివర గేటుకి ఎప్పుడూ తాళం ఉంటుందని పటంమీద గుర్తుపెట్టి రండి.